తెల్ల పొడి లోపలి పనితనం

ఎండ బాగా తగిలే గోడకు నాసిరకం తెల్ల పెయింటు వేస్తే కొన్నేళ్లకే అది చేతికి పొడిలా అంటుతుంది. పెయింటు వాళ్లు దీన్ని చాకింగ్ అంటారు. పెయింటుకు తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ రేణువులు, ఎండ తగిలినప్పుడల్లా తమను పట్టి ఉంచిన జిగురును తామే కొద్దికొద్దిగా తినేస్తాయి. జిగురు పోయాక రేణువు రాలక ఏం చేస్తుంది? అందుకే మంచి పెయింటు తయారుచేసేవాళ్లు ప్రతి రేణువు చుట్టూ కొన్ని నానోమీటర్ల మందాన సిలికా, అల్యూమినా పూత పూస్తారు. తెలుపు ఉండాలి, తినే గుణం మాత్రం బయటికి రాకూడదు. ఆ పూత ఉన్నది అందుకే.

పెయింటు వాడికి తలనొప్పి అయిన ఆ గుణమే కావాలనుకున్నవాళ్లు వేరే ఉన్నారు. జిగురును తినే రేణువు నీటిలో కలిసిన పురుగుమందునూ తింటుంది. దాని చుట్టాన్ని మరింత నేర్పుగా తయారుచేస్తే నీటినే విడగొట్టి హైడ్రోజన్ ఇస్తుంది. రెండు పనులకూ ఇంధనం ఎండే. పని ఒకలాంటిదే అయినా ఈ రెండు రేణువుల తయారీ చాలా వేరు. ఆ తేడాను దగ్గరగా చూడటం బాగుంటుంది.

ముందు ముడిసరుకు సంగతి. శ్రీకాకుళం జిల్లా భావనపాడు, కళింగపట్నం నుంచి భీమునిపట్నం దాకా తీరంలో నడిస్తే ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. ఆ నలుపు చాలామటుకు ఇల్మెనైట్, అంటే ఇనుమూ టైటానియమూ కలిసిన ఆక్సైడ్. దానిలోంచి ఇనుమును తీసేసి శుద్ధి చేస్తే ఈ తెల్ల పొడి వస్తుంది. పెయింటులో వాడే రేణువు 200 నుంచి 300 నానోమీటర్లు ఉంటుంది, వెలుతురును చెదరగొట్టడానికి అనువైన కొలత అది. నీటి శుద్ధికి వాడేది అందులో పదో వంతు.

పొడి తెల్లగా ఉందంటే కంటికి కనిపించే వెలుతురును అది మింగడం లేదనే. మింగేది అతినీలలోహిత కిరణాలను. టైటానియం డయాక్సైడ్‌కు అనటేజ్, రూటైల్ అనే రెండు ముఖ్యమైన స్ఫటిక రూపాలున్నాయి. అనటేజ్‌లో ఎలక్ట్రాన్‌ను దాని చోటు నుంచి లేపడానికి 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 388 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగానికే అంత బలం ఉంటుంది. అలాంటి కిరణం తగలగానే ఎలక్ట్రాన్ పై శక్తి పట్టీలోకి లేస్తుంది. అది ఖాళీ చేసిన చోటు ధనావేశంగా మిగులుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని రంధ్రం అంటారు. పేరుకే రంధ్రం గానీ అదీ ఎలక్ట్రాన్‌లాగే స్ఫటికంలో కదులుతుంది. ఎలక్ట్రాన్ ఎవరికైనా తనను అప్పగించుకోవాలని చూస్తుంది, రంధ్రం ఎవరి దగ్గరైనా ఎలక్ట్రాన్‌ను లాక్కోవాలని చూస్తుంది.

రెండూ రేణువు ఉపరితలానికి చేరితే అక్కడ రసాయన చర్య జరుగుతుంది. దారిలో ఒకదానికొకటి ఎదురుపడితే కలిసిపోతాయి, తెచ్చుకున్న శక్తంతా ఎక్కువగా వేడిగా పోతుంది. మామూలు పొడిలో అత్యధిక జంటల గతి ఇదే. జంటను పుట్టించడం కష్టం కాదు, ఆ పని ఎండే చేసిపెడుతుంది. పుట్టిన జంటను కలవనివ్వకుండా బయటికి చేర్చడమే కష్టం. ఈ రంగంలో కనిపించే ప్రతి కిటుకునూ చివరకు ఆ ఒక్క కష్టం దగ్గరే పెట్టి చూడాలి.

ఈ జంటను మొదట విడదీసి చూపించింది ఒక తీగ. టోక్యో విశ్వవిద్యాలయంలో కెనిచి హోండా దగ్గర పరిశోధన చేస్తున్న అకిరా ఫుజిషిమా, రూటైల్ స్ఫటికం ముక్కను తీగతో ప్లాటినం ఎలక్ట్రోడ్‌కు కలిపి, రెండిటినీ ద్రావణంలో ఉంచి, స్ఫటికం మీద కాంతి పడేలా చేశాడు. స్ఫటికం మీద ఆక్సిజన్ బుడగలు లేచాయి, ప్లాటినం దగ్గర హైడ్రోజన్ వచ్చింది. 1972లో నేచర్ పత్రికలో రెండు పేజీల్లో అచ్చయిన ఆ ప్రయోగం నుంచే ఈ శాస్త్రం ఊపందుకుంది. అందులో రంధ్రాలు స్ఫటికం దగ్గరే ఉండిపోయాయి, ఎలక్ట్రాన్లు తీగ పట్టుకుని అవతలి ఒడ్డుకు పోయాయి. మరి తీగా ప్లాటినమూ స్ఫటికమూ మూడూ కంటికి కనిపించని ఒక్క రేణువులోనే ఇమిడితే? తర్వాతి వాళ్లు పట్టుకున్న ప్రశ్న ఇది.

నీటిని శుభ్రం చేసే రేణువుకు జంటను విడదీసే ఈ పరీక్ష కొంత సులువు. 1977లో అమెరికాలో స్టీవెన్ ఫ్రాంక్, అలెన్ బార్డ్ టైటానియం డయాక్సైడ్ పొడితో నీటిలోని సైనైడ్‌ను కాంతి సాయంతో విరిచి చూపించారు. ఇక్కడ ఎలక్ట్రాన్‌ను తీసుకోవడానికి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రంధ్రం రేణువు మీద అంటుకుని ఉన్న నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాగి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. దాని ఆక్సీకరణ బలం 2.8 వోల్టులు. మన కుళాయి నీటిలో కలిపే క్లోరిన్‌ది 1.36, ఓజోన్‌ది 2.07. అంత బలం ఉన్నది ఎక్కువసేపు బతకదు. పుట్టిన చోటికి అతి దగ్గరలోనే ఏదో ఒకదాన్ని పట్టుకుని అయిపోతుంది. కాబట్టి మురికి అణువు రేణువు దాకా రావాలి. అది వచ్చి వాలడానికి చోటు కావాలి. అందుకే ఈ రేణువుకు కావలసిన మొదటి గుణం వైశాల్యం.

ఆ వైశాల్యం కోసం ప్రపంచంలో ఎక్కువ ప్రయోగశాలలు వాడేది జర్మనీలో పుట్టిన పీ25 అనే పొడి. దాన్ని మంటలో చేస్తారు. టైటానియం టెట్రాక్లోరైడ్ ఆవిరిని హైడ్రోజన్ మంటలోకి పంపితే, మంటలోనే పుట్టిన నీటి ఆవిరితో కలిసి క్షణంలో ఆక్సైడ్ అవుతుంది, క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా వెళ్లిపోతుంది. మంట దాటగానే చల్లబడటంతో రేణువులకు పెరిగే వ్యవధి ఉండదు. 20, 25 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఒక్క గ్రాము పొడి మొత్తం ఉపరితలం దాదాపు 50 చదరపు మీటర్లు, మన లెక్కలో 60 గజాలు. ఇందులో అనటేజ్ దాదాపు 80 శాతం, మిగతాది చాలామటుకు రూటైల్. రెండు రూపాల శక్తి మట్టాలు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి, అవి ఆనుకున్న చోట ఎలక్ట్రాన్ ఒకవైపుకు, రంధ్రం మరోవైపుకు జరగడానికి వీలుంటుంది. ఏది ఎటు జరుగుతుందన్న దానిమీద శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. తీగ చేసిన పనిలో కొంత ఈ అతుకు చేస్తుందన్న మాట.

కాలేజీ ప్రయోగశాలలో దీన్ని చూపించే పద్ధతి ఒకటుంది. మిథిలీన్ బ్లూ రంగు నీటిలో పొడి కలిపి ఎండలో పెట్టి, నీలం పోవడం చూపిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది గానీ పద్ధతి తెలిసినవాళ్లు బీకరును నేరుగా ఎండలోకి తీసుకుపోరు. పొడి కలిపాక దాదాపు అరగంట చీకట్లో కలియబెడతారు. ఎందుకంటే రంగు కొంత పొడికి అంటుకుని పోతుంది, దాన్ని ఎండ ఖాతాలో రాయకూడదు. ఆ తర్వాతే ఎండ. కొంచెం కొంచెం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పొడిని అడుగుకు దించి, పైతేటను 664 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. అయినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. రంగు పోయినంత మాత్రాన అణువు మొత్తం పోయినట్టు కాదు. రంగునిచ్చే బంధం ఒక్కటి తెగినా నీలం మాయమవుతుంది, ముక్కలు నీటిలోనే ఉంటాయి. మొత్తం సేంద్రియ కర్బనం ఎంత తగ్గిందో కొలిచి, అది కార్బన్ డయాక్సైడ్ అయిపోయిందని చూపితేనే పని పూర్తయినట్టు. నీలం పోయిన ఫొటోలతో ఆగిపోయే పరిశోధన పత్రాలు లెక్కలేనన్ని. వాటిని చదివేటప్పుడు కర్బనం లెక్క ఎక్కడుందో ముందు వెతకడం మంచిది.

బీకరు దాటి బయటికి వస్తే ఇంకో రకం పనితనం మొదలవుతుంది. స్పెయిన్‌లో అల్మేరియా దగ్గర టాబెర్నస్ ఎడారిలో పెద్ద సౌర పరిశోధన కేంద్రం ఉంది. ఆ జిల్లా ప్లాస్టిక్ పందిళ్ల కింద కూరగాయలు పండించడానికి పేరుపడ్డది, అందుకని పురుగుమందులు కలిసిన నీటి సమస్య పొరుగునే ఉంది. అక్కడి రియాక్టరులో పొడి కలిపిన నీరు గాజు గొట్టాల్లో తిరుగుతుంది. గాజు మామూలు కిటికీ గాజు కాదు, బోరోసిలికేట్. కిటికీ గాజులోని ఇనుము కావలసిన కిరణాలను తినేస్తుంది. ప్రతి గొట్టం కింద రెండు రెక్కల్లా వంచిన అద్దం ఉంటుంది. దానికి వెండి కాకుండా అల్యూమినియం వాడతారు, అతినీలలోహితాన్ని వెనక్కి కొట్టడంలో వెండి కన్నా అదే మేలు కనుక. అద్దం వంపును ఎలా లెక్కకట్టారంటే, సూర్యుడు ఎటున్నా, మబ్బు వల్ల వెలుగు చెదిరినా, అద్దం మీద పడ్డ కిరణం గొట్టాన్నే చేరుతుంది. గొట్టం వెనక వైపుకు కూడా వెలుగు అందుతుంది. సూర్యుడి వెంట తిప్పే యంత్రాలతో పనిలేదు. ఆ ఊరి అక్షాంశం 37 డిగ్రీలు, ఈ అద్దాల పలకల వాలూ 37 డిగ్రీలు. లీటరు నీటికి పొడి 0.2 గ్రాములు చాలు. అంతకన్నా ఎక్కువ వేస్తే ముందున్న రేణువుల నీడ వెనక వాటిమీద పడుతుంది.

పని అయ్యాక పొడిని తీయడం ఎలా? 25 నానోమీటర్ల రేణువు మామూలు వడపోతలోంచి జారిపోతుంది. దీనికి వాళ్లు వాడిన ఉపాయం నాకు చాలా ఇష్టం. టైటానియం డయాక్సైడ్ రేణువుల మీద ఆమ్లంలో ధనావేశం, క్షారంలో రుణావేశం ఉంటుంది. ఒకే ఆవేశం ఉన్నంతసేపు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పీహెచ్ 6, 7 మధ్యకు వచ్చేసరికి ఆవేశం సున్నాకు చేరుతుంది. నెట్టే బలం పోవడంతో రేణువులు గుంపులు కట్టి అడుగుకు దిగిపోతాయి. పీహెచ్ సరిచేసి నీటిని కదపకుండా వదిలేస్తే చాలు, పొడి తనంతట తనే పేరుకుంటుంది. దాన్ని తీసి మళ్లీ వాడుకోవచ్చు. ఇదే చిక్కుకు హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రజ్ఞులు మరో దారి పట్టారు. టైటానియం డయాక్సైడ్‌ను జియోలైట్ అనే రంధ్రాల ఖనిజం మీద నిలిపారు. మురికి అణువును జియోలైట్ పట్టి తెస్తుంది, పక్కనే ఉన్న ఆక్సైడ్ విరుస్తుంది.

ఇక రెండో రేణువు. నీటిని విడగొట్టేటప్పుడు ఎలక్ట్రాన్‌ను తీసుకుపోవడానికి ఆక్సిజన్ లాంటి సులువైన తోడు ఉండదు. హైడ్రోజన్ అణువు ఒకటి తయారు కావడానికి రెండు ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్ అణువుకు నాలుగు రంధ్రాలు ఒకే చోటికి చేరాలి. చేరాక పుట్టిన రెండు వాయువులూ మళ్లీ కలిసి నీరైపోవడానికే మొగ్గుతాయి. రూటైల్‌లో ఎలక్ట్రాన్‌కు నీటి నుంచి హైడ్రోజన్ తీసేంత శక్తి కొద్దిలో చాలదు. అందుకని స్ట్రాన్షియం టైటనేట్ వైపు వెళ్లారు. దాని అమరిక చక్కటి ఘనం: మూలల్లో స్ట్రాన్షియం, నడుమ టైటానియం, ఒక్కో ముఖం మధ్యన ఒక్కో ఆక్సిజన్. 1980లో కజునారి డోమెన్, ఆయన సహచరులు దీనికి నికెల్ ఆక్సైడ్ జోడించి నీటి ఆవిరిని విడగొట్టారు. విడగొట్టారన్న పేరే గానీ వచ్చింది కొద్దిపాటి వాయువే. ఆ కొద్దిని పెంచడానికి నలభై ఏళ్లు పట్టింది.

అడ్డు పడ్డది లోపాలు. స్ఫటికంలో ఒక ఆక్సిజన్ పరమాణువు తప్పిపోతే, అది వదిలిన ఎలక్ట్రాన్ల వల్ల పక్కనున్న టైటానియం నాలుగు ఆవేశాలకు బదులు మూడింటితో మిగులుతుంది. ఎలక్ట్రానూ రంధ్రమూ అలాంటి చోటే చిక్కుకుని కలిసిపోతాయి. దీనికి విరుగుడు కొలిమి పాత్రలోంచి వచ్చింది. పొడిని స్ట్రాన్షియం క్లోరైడ్‌తో కలిపి అల్యూమినా మూసలో పెట్టి 1150 డిగ్రీల దాకా వేడి చేస్తే, కరిగిన లవణంలో స్ఫటికాలు నెమ్మదిగా, నునుపైన ముఖాలతో పెరుగుతాయి. అలా చేసిన పొడి అనుకున్నదాని కన్నా ఎంతో బాగా పనిచేసింది. వెతికితే తేలిందేమిటంటే, కరిగిన లవణం మూస గోడల్లోంచి కాస్త అల్యూమినియాన్ని కూడా కరిగించి స్ఫటికంలోకి చేర్చింది. అల్యూమినియానికి సహజంగానే మూడు ఆవేశాలు. అది టైటానియం చోట్లో కూర్చుంటే ఆక్సిజన్ లోటు లెక్క అక్కడితో సరిపోతుంది, టైటానియం నాలుగు ఆవేశాలతోనే ఉండిపోతుంది. ఈ సంగతి 2016లో అచ్చయింది. ఆ తర్వాత అల్యూమినియాన్ని కొలిచి మరీ కలపడం మొదలుపెట్టారు.

అలా తయారైన స్ఫటికాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, పన్నెండు అంచులనూ ఏటవాలుగా చెక్కేసిన ఘనంలా కనిపిస్తుంది. ఆరు పెద్ద ముఖాలు, అంచులు చెక్కిన చోట పన్నెండు సన్న ముఖాలు. ఈ రెండు రకాల ముఖాల దగ్గర పరమాణువుల వరస వేరు, అందువల్ల విద్యుత్ మట్టమూ వేరు. లోపల పుట్టిన ఎలక్ట్రాన్లు పెద్ద ముఖాల వైపు, రంధ్రాలు సన్న ముఖాల వైపు వాటంతటవే మళ్లుతాయి. తీగ అక్కర్లేకుండా పోయింది. ఆకారమే తీగ పని చేస్తోంది.

ఆ ముఖాల మీద సరైన ఉత్ప్రేరకాలను కూర్చోబెట్టాలి. కొన్ని వందల నానోమీటర్ల రేణువు మీద ఏ పనిముట్టుతో, ఏ ముఖం మీద ఏది అంటించగలం? డోమెన్ బృందం వాళ్లు ఆ పనిని రేణువుకే అప్పగించారు. పొడిని నీటిలో కలిపి, రోడియం లవణం వేసి, కాంతి పడనిచ్చారు. ఎలక్ట్రాన్లు ఎక్కడ బయటికి వస్తున్నాయో అక్కడే రోడియం లోహంగా మారి అతుక్కుంది. తర్వాత క్రోమేట్ వేస్తే, అదీ ఎలక్ట్రాన్లు అందే చోటే, అంటే రోడియం మీదే, క్రోమియం ఆక్సైడ్ పొరగా కప్పుకుంది. చివరగా కోబాల్ట్ లవణం. రంధ్రాలు బయటికొచ్చే సన్న ముఖాల మీద అది ఆక్సీకరణం చెంది కోబాల్ట్ ఆక్సీహైడ్రాక్సైడ్‌గా దిగింది. చేలో జనం నడిచి నడిచి కాలిబాట పడ్డాక దానిమీదే రాళ్లు పరిచినట్టు, ఆవేశాలు నడిచే దారి తెలిశాకే గుమ్మం పెట్టారు. ఖరీదైన రోడియం కూడా ఎక్కువ పట్టదు, పొడి బరువులో వెయ్యో వంతు చాలు.

క్రోమియం ఆక్సైడ్ పొర ఎందుకో కూడా చూడాలి. రోడియం హైడ్రోజన్‌ను బాగా పుట్టిస్తుంది, ఆక్సిజన్ దగ్గరికొస్తే అంత బాగానూ ఆ రెండిటినీ కలిపేసి నీరు చేస్తుంది. దాని మీద రెండు నానోమీటర్ల ఆ పొర ప్రోటాన్లను లోపలికి రానిస్తుంది, పుట్టిన హైడ్రోజన్‌ను బయటికి పోనిస్తుంది, ఆక్సిజన్‌ను మాత్రం రోడియం దాకా రానివ్వదు. ఇవన్నీ కుదిరాక 2020లో నేచర్‌లో వచ్చిన ఫలితం: 350, 360 నానోమీటర్ల కాంతిలో రేణువు మీద పడ్డ ప్రతి నూరు ఫోటాన్లలో 96 దాకా నీటిని విడగొట్టే పనికి ఉపయోగపడ్డాయి. అంటే పుట్టిన జంటల్లో దాదాపు ఏదీ దారిలో కలవలేదు.

నానో అన్న మాట చుట్టూ ఒక మోజు ఉంది, ఎంత చిన్నదైతే అంత గొప్పదని. ఈ రెండు రేణువులను పక్కపక్కన పెడితే ఆ మాట నిలవదు. మురికిని కొరికే పీ25 చిన్నదే, దాని పనికి వైశాల్యం కావాలి. నీటిని విడగొట్టే స్ట్రాన్షియం టైటనేట్ దానికి పది రెట్ల పైమాటే. లోపం లేకుండా, ముఖాలు తీరుగా పెరగాలంటే కాస్త ఒళ్లు ఉండాలి. పరిమాణం పనిని బట్టి కుదరాలి.

నూటికి 96 అన్నప్పుడు వెంటనే అడగవలసిన ప్రశ్న, ఏ కాంతిలో అని. భూమికి చేరే ఎండలో అతినీలలోహితం వాటా శక్తి లెక్కన నాలుగైదు శాతమే. కనిపించే వెలుతురును పట్టే ఆక్సైడ్లు లేకపోలేదు. టంగ్‌స్టన్ ఆక్సైడ్, పసుపు రంగు బిస్మత్ వనడేట్, అన్నిటికన్నా చవకైన తుప్పు. తుప్పులోని హెమటైట్ 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే మేల్కొంటుంది, కానీ అందులో రంధ్రం నాలుగైదు నానోమీటర్లు నడిచేలోపే చచ్చిపోతుంది. కాంతిని మింగడానికేమో దానికి వందల నానోమీటర్ల మందం కావాలి. ఈ పీటముడిని విప్పడానికి స్విట్జర్లాండ్‌లో మైఖేల్ గ్రెట్సెల్ బృందం 2006లో హెమటైట్‌ను పలక పొరలా కాకుండా శాఖలు శాఖలుగా పెంచింది. మొత్తం మందం అలాగే ఉంటుంది, ఏ శాఖలో పుట్టిన రంధ్రానికైనా నీరు దగ్గరలోనే ఉంటుంది. తెలివైన పనే, పూర్తి పరిష్కారం మాత్రం కాలేదు.

డోమెన్ బృందం ఈలోగా చేతిలో ఉన్న తెల్ల పొడితోనే పెద్ద పలకల వరస కట్టి చూసింది. జపాన్‌లో ఇబారకి ప్రాంతంలోని కాకియోకా పరిశోధన కేంద్రంలో 100 చదరపు మీటర్లు. పొడిని సిలికాతో కలిపి గాజు పలకల మీద స్ప్రే చేశారు. ఒక్కో పలక 25 సెంటీమీటర్ల చతురస్రం, మొత్తం 1600. పలకకూ పై గాజుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు. అందులో సన్నటి నీటి పొర, బుడగలు తమంతట తామే పైకి జారిపోతాయి. నీరు తక్కువ కాబట్టి పలక బరువు తక్కువ, ఖరీదైన చట్రాలు అక్కర్లేదు. అది కొన్ని నెలలు పనిచేసింది. ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారింది అత్యధికంగా 0.76 శాతం. 96 విన్న చెవికి ఇది చిన్నగా ఉంటుంది. అతినీలలోహితం ఒక్కదానితో బతికే ఈ పదార్థానికి పైహద్దే రెండు శాతం లోపు అని గుర్తుపెట్టుకుని చూడాలి.

ఆ పలకల్లోంచి వచ్చేది ఒట్టి హైడ్రోజన్ కాదు. రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్, తేమతో సహా. రవ్వ తగిలితే పేలే మిశ్రమం. పలకల మధ్య ఖాళీని అంత సన్నగా ఉంచడానికి ఇది రెండో కారణం: ఏ ఒక్కచోటా పేలడానికి చాలినంత వాయువు పోగుపడదు. మిశ్రమాన్ని బజారులో దొరికే పాలిఇమైడ్ పొరల్లోంచి పంపి హైడ్రోజన్‌ను వేరుచేశారు. అంతటితో ఊరుకోలేదు. కావాలనే వాయువుకు నిప్పు పెట్టి చూశారు. ఏర్పాటు చెడలేదు.